బదులు మొక్క

దేవదానానికి పట్నం చెట్లంటే చిన్నచూపు. చిన్నచూపన్నది మర్యాద మాట, అసలైతే రోత. అటవీశాఖలో గార్డుగా చేరి సెక్షనాఫీసరయ్యేదాకా మారేడుమిల్లి కొండల్లోనూ చింతూరు కొండల్లోనూ బతికిన మనిషి. పుట్టింది మాత్రం మామిడికుదురు దగ్గర నగరం అనే పల్లెలో. తాత రాజుల కొబ్బరితోటల్లో కూలికి పోయాడు, తండ్రి మిషను బళ్ళో నాలుగక్షరాలు నేర్చి పంతులయ్యాడు, ఇతను ఖాకీ తొడిగాడు. కొబ్బరిచెట్ల కింద పాకుతూ పెరిగినవాడే అయినా కొబ్బరిని చెట్లలో కలపడు. "అది పంటండీ. వరిచేను నిలువునా పెరిగితే అడివైపోద్దా?" అంటాడు.

అతని లెక్కలో అడవంటే మనిషి లేని చోటు. మనిషి కాలు పెట్టాడంటే చేతిలో గొడ్డలైనా ఉంటుంది, వెనక మేకైనా ఉంటుంది, నోట్లో చుట్టైనా ఉంటుంది. ఈ మూడింటినుంచీ చెట్టుని కాపాడడమే ఉద్యోగమనుకుని, ఎదురుపడ్డ ప్రతివాడినీ సగం దొంగలా చూస్తూ జుట్టు నెరిపేసుకున్నాడు. అలాంటివాణ్ణి, ఇక రిటైరవడానికి కొద్దికాలమే ఉందనగా, తీసుకొచ్చి అమలాపురంలో ఊరివనానికి వేశారు. సొంత జిల్లా, ఇంటిపట్టున ఉండచ్చు, పెళ్ళాం చేతి కూడు తినచ్చు అని పైవాళ్ళు దయతలిచారు. పులిని పెరట్లో కట్టేసి గడ్డి వేసినట్టయింది.

ఊరివనమంటే ఊరి చివర, మురుగుకాలవ గట్టుని ఆనుకుని ఉన్న పల్లపు నేల. ఒకప్పుడు కాలవల పూడిక తెచ్చి పోసిన చోటు. దానికి కంచె కట్టి, మధ్యన నడవడానికి బాట వేసి, మొక్కలు నాటారు. తెల్లారితే ఊళ్ళోవాళ్ళు బూట్లు వేసుకొచ్చి గానుగెద్దుల్లా తిరుగుతారు. "వాకింగు బాట చుట్టూ బచ్చలిమడి" అని దేవదానం దానికి పేరు పెట్టాడు. తిరిగేవాళ్ళకి చెట్టు కావాలి, ఆకు రాలకూడదు. నీడ కావాలి, పిట్ట రెట్ట వేయకూడదు. ఒకాయన అయితే తన ఇంటిముందు వేపచెట్టు కారు పెట్టుకోవడానికి అడ్డంగా ఉందనీ, మొదట్లో తొలిచి ఇంగువ దట్టిస్తే ఎన్నాళ్ళకి చస్తుందో శాఖవారి సలహా కావాలనీ వచ్చి అడిగాడు. ఆ పూట దేవదానానికి అన్నం సయించలేదు.

"అడివి దొంగలే నయం మేరీ. కనీసం సిగ్గుపడతా నరుకుతారు," అన్నాడు భార్యతో.

మేరీ బడిలో హెడ్‌మిస్ట్రెస్. మొగుడు కొండల్లో ఉన్నన్నాళ్ళూ ఇల్లూ బడీ ఒక్కతే ఈదుకొచ్చిన మనిషి కాబట్టి మాట దాచుకోదు. "మీకు ఆకు రాలితే తెలుస్తదండీ, మనిషి కళ్ళమ్మట నీళ్ళు రాలితే తెలీదు. వాళ్ళూ మీరూ సరికి సరి," అంది.

ఊరివనంలో తూర్పు మూల ఒక మడి ఉంది. కరోనా రెండోసారి విరుచుకుపడ్డ ఏడాది పోయినవాళ్ళ పేరున ఇంటివాళ్ళు తలో మొక్కా నాటుకున్న చోటది. దేవదానం రాకముందే నాటేశారు. ఒకరు సంపెంగ, ఒకరు పొగడ, ఇంకొకరు మామిడి, ఎవరి ఇష్టం వాళ్ళది. ప్రతి మొక్కకీ పేరు రాసిన చిన్న రేకు కట్టి ఉంటుంది. ఈ మడికి వచ్చేవాళ్ళు నడవడానికి రారు. మొక్క దగ్గర కూచుని మాట్లాడతారు. బుచ్చిరాజుగారని వయసుమళ్ళిన రైతు, తల్లి పేరున నాటిన పొగడకి రోజూ పేపరు చదివి వినిపిస్తాడు.

"మా అమ్మకి చదువు రాదండీ. ఉన్నన్నాళ్ళూ నేనే చదివేవోణ్ణి. ఇప్పుడు మానేస్తే బాగోదు కదండీ," అన్నాడాయన.

దేవదానం నవ్వాపుకోవడానికి అవతలికి పోవలసి వచ్చింది.

అందరికన్నా ఎక్కువగా వచ్చేది సుబ్బాయమ్మ. ఆత్రేయపురం ఆడపడుచు. అమలాపురంలో ఇంటి వెనక పొయ్యి పెట్టుకుని పూతరేకులు తీసి కొట్లకి వేస్తుంది. భర్త ఎప్పుడో పోయాడు. ఒక్కగానొక్క కూతురు లక్ష్మీతులసి నర్సు చదువు చదువుతూ ఆ మాయరోగంలో పోయింది. సుబ్బాయమ్మ పొద్దువాటారేవేళకి పొయ్యి ఆర్పి, చిన్న బిందెతో మంచినీళ్ళు తెచ్చి, కూతురి సంపెంగ మొదట్లో పోసి పక్కన కూచునేది. ఆ రోజు బియ్యపు పిండి ఎలా కుదిరిందో, పక్కింటివాళ్ళ కోడలు ఏమందో, అన్నీ చెప్పేది. లేచేముందు ఒంగి, కొమ్మకి నోరానించి, "తులసీ" అని మూడుసార్లు పిలిచేది. పిలిచి కాసేపు చెవి పెట్టి ఉండేది. తర్వాత బిందె చంకనెత్తుకుని వెళ్ళిపోయేది.

"ఆ మూడుసార్లు పిలవడం ఏంటి మరిడమ్మా?" అని అడిగాడు దేవదానం ఒకరోజు. మరిడమ్మ అక్కడ మొక్కలకి నీళ్ళు పట్టే కూలిమనిషి.

"దింపుడుకళ్ళం పిలుపండీ," అంది మరిడమ్మ.

అది అతనికి తెలియని ఆచారమేమీ కాదు. హిందువుల ఇళ్ళలో శవాన్ని కాటికి మోసుకుపోతూ దారిలో ఒకచోట పాడె దింపుతారు. అయినవాళ్ళు చెవిలో నోరుపెట్టి పేరుతో మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఏ మూలైనా అంటుకుని ఉంటే పలుకుతుందని ఆశ. పలకకపోతే ఇక లేనట్టే. ఏడ్చుకుంటూ ఎత్తుకుపోతారు.

"ఆయమ్మకి శవాన్ని చూపించలేదండి," అంది మరిడమ్మ. "సంచిలో చుట్టేసి ఆస్పత్రినుంచే తీసుకెళ్ళిపోయేరు. ఏ కాట్లో కాల్చేరో కూడా తెలవదు. ఎవరూ పిలవలేదు. పిలిచుంటే నా పిల్ల పలికేదేమో అని ఆ బెంగే ఆయమ్మని తినేస్తందండి. అందుకే రోజూ పిలుస్తాది."

"మొక్క పలుకుద్దేంటి?"

"పలకాలని పిలుస్తాదో, పలక్కూడదని పిలుస్తాదో ఎవరికి తెలుసండీ."

దేవదానం ఆ మాటని అక్కడే వదిలేశాడు. పట్నవాసుల పిచ్చిలో ఇదొక రకం అనుకున్నాడు.

ఆ వేసవిలో గోదావరి బాగా చిక్కిపోయింది. గోదారి చిక్కితే సముద్రం ఎగదన్నుతుంది. కాలవలు కట్టేసిన నెలల్లో తూర్పు మూల మడిలో నేల మీద తెల్లగా ఉప్పు పూసింది. ముందు ఆకుల అంచులు మాడాయి, తర్వాత కొసలు ఎండాయి. అందరికన్నా ముందు తులసి సంపెంగ చచ్చిపోయింది. సుబ్బాయమ్మ ఆ వారమంతా పుట్టింట్లో పెళ్ళికని రేకులు తీయడానికి ఆత్రేయపురం వెళ్ళి ఉంది.

మొక్క చస్తే ఏం చెయ్యాలో ఫారెస్టువాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. అదే గోతిలో అదే జాతి, అదే ఎత్తు మొక్క ఇంకోటి పాతడమే. బదులు మొక్క అంటారు. తనిఖీకి వచ్చిన పెద్దాఫీసరు వరస చూస్తాడు, వరసలో సందు లేకపోతే సంతోషపడి టీ తాగి వెళ్ళిపోతాడు. దేవదానం తన నౌకరీలో కొండలకి కొండలే బదులు మొక్కలు వేయించి ఉంటాడు. ఏ మొక్కా ఏనాడూ 'నేను ఫలానాదాని బదులు' అని చెప్పుకోలేదు, ఏ కొండా అడగలేదు. చింత చచ్చినా పులుపు చావదన్నట్టు, అడవి పోయినా అడవి అలవాటు పోలేదు. కడియం నర్సరీనుంచి మనిషెత్తు సంపెంగ తెప్పించాడు. మిట్టమధ్యాహ్నం, జనం లేని వేళ చూసి, చచ్చినదాన్ని పీకించి వెనక కంచె దగ్గర గోతిలో పారేయించాడు. కొత్తదాన్ని నాటించి పాత పేరు రేకే దానికి కట్టించాడు. ఆ చేత్తోనే, అప్పటికి ఎండిపోయిన బుచ్చిరాజుగారి పొగడనీ ఇంకా కొన్నింటినీ మార్చేశాడు.

"ఆళ్ళకో మాట చెప్తే బాగుంటదేమోనండి," అని నసిగింది మరిడమ్మ.

"ఏమని చెప్తాం? మీ పిల్ల రెండోసారి చచ్చిపోయిందనా? ఈళ్ళకి ఆకేదో కొమ్మేదో తెలిసేడిస్తే కదా."

ఆ మాటలో కొంత జాలి కూడా ఉంది, లేదనకూడదు. కానీ జాలీ చిన్నచూపూ ఒకే గిన్నెలో కలిస్తే మనిషిచేత ఎలాంటి పనైనా చేయిస్తాయి.

సుబ్బాయమ్మ ఊరినుంచి వచ్చిన సాయంత్రమే బిందెతో వచ్చింది. నీళ్ళు పోయబోయి ఆగిపోయింది. బిందె కింద పెట్టింది. ఆకొకటి రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, మొక్క మొహంలోకి చూస్తున్నట్టు చాలాసేపు నిలబడింది. తర్వాత గేటు దగ్గరున్న దేవదానం దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగింది.

"ఏవండీ, ఆ పిల్లెవరండీ?"

"ఏ పిల్లమ్మా?"

"మా తులసి చోట ఎవరో పిల్ల నిలబడిందండీ. నువ్వెవరమ్మా అంటే బెదిరిపోయి చూస్తంది."

దేవదానం వెనక్కి తిరిగి చూశాడు. మడిలో మొక్కలు తప్ప ఏమీ లేవు.

"మీ మొక్కేనమ్మా అది. ఎండలకి ఆకు రంగు తిరిగింది, అంతే," అన్నాడు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. అతికినట్టే ఆడాడు.

"ఆయ్," అంది సుబ్బాయమ్మ. నమ్మి అనలేదు. ఆఫీసరుగారి మాట కాదంటే బాగోదని అంది. వెనక్కి వెళ్ళి బిందెడు నీళ్ళూ ఆ కొత్త సంపెంగకే పోసింది. "దాహంగా ఉన్నట్టుందండి పాపం, ఎవరు కన్నపిల్లో," అంది. ఆ రోజు కబుర్లు చెప్పలేదు. ఒంగి పిలవనూ లేదు.

మర్నాటినుంచి ఆమె వనమంతా తిరగడం మొదలుపెట్టింది. తీర్థంలో తప్పిపోయిన పిల్లని వెతుక్కున్నట్టు, ఒక్కో మొక్క దగ్గరా ఆగి, ఆకు పట్టుకుని చూసి, "తులసీ" అని మెల్లగా పిలిచి, కాదని తేల్చుకుని ముందుకి పోయేది. నడిచేవాళ్ళు ఆమెకి దారి వదిలి చుట్టూ తిరిగిపోయేవాళ్ళు. దేవదానం తనకి తను సర్దిచెప్పుకున్నాడు. కాలే కుండ మీద గుడ్డతో పిండి పూసి, ఊపిరి తగిలితే చిరిగే రేకుని తీసే వేళ్ళు ఆమెవి. ఆకు తేడా వేళ్ళకి తెలిసి ఉంటుంది, ఇందులో వింతేముంది అనుకున్నాడు.

ఆ సర్దుబాటు బుచ్చిరాజుగారు వచ్చేదాకానే నిలిచింది. ఆయన ఆ పొద్దున చేతిలో పేపరు లేకుండా వచ్చాడు.

"దేవదానంగారూ, మీరేమీ అనుకోకపోతే ఒక్క మాటండీ. అమ్మ కల్లోకొచ్చింది. వీధరుగు మీద నిలబడిపోయిందండీ. లోపలికి రావే అంటే, 'నా చోట ఎవరో ఉన్నార్రా బుచ్చీ, నేనెక్కడుండను?' అంటదండీ. ఏంటంటారిది?"

"ఈ వయసులో అలాంటి కలలు మామూలేనండీ," అన్నాడు దేవదానం.

ఆ సాయంత్రం వెంకటదుర్గ అనే బ్యాంకు ఉద్యోగి వచ్చింది. ఆమె భర్త పేరున ఉన్న మామిడి కూడా మార్చినదే. ఆమెకి కలలో భర్త వీధిగుమ్మం బయట నిలబడి చెప్పులు విప్పాలా వద్దా అని అడుగుతున్నాడట. మొక్క మారినవాళ్ళే వస్తున్నారు. మారని మొక్కలవాళ్ళు ఎప్పట్లా కూచుని, కబుర్లాడుకుని, కొంగు దులుపుకుని పోతున్నారు. ఏవి మార్చారో లోకంలో ఇద్దరికే తెలుసు. దేవదానం మరిడమ్మ వైపు చూశాడు.

"నా పిల్లల మీద ఒట్టండి, నేనెవరికీ చెప్పలేదు," అంది మరిడమ్మ. "ఆ మూలకి మాత్రం నేనిక నీళ్ళు పట్టనండి. కావాలంటే మీరే పట్టి చూడండి."

దేవదానం పైపు తీసుకెళ్ళి సంపెంగ మొదట్లో పెట్టాడు. అది పల్లం, బంకమట్టి, చెంబెడు పోస్తే పూటంతా నిలిచే నేల. నీళ్ళు పడ్డవి పడ్డట్టే పోతున్నాయి. పైపు ఎత్తాడు. కిందనుంచి గుటక వేసిన చప్పుడు వినబడింది. కంచె నిండా పిచ్చుకలు వాలి ఉన్నాయి, మార్చిన మొక్కల మీద మాత్రం ఒక్కటీ లేదు. అటు తలైనా తిప్పడం లేదవి. కొండల్లో పులి అడుగుజాడ పక్కన తుండుగుడ్డ పరుచుకుని నిద్రపోయిన మనిషికి, రోడ్డవతల టిఫినుసెంటరులో అట్లు వేస్తున్న వాసన వస్తుండగా, వెన్నులో చలి పుట్టింది.

గేటు వేసేవేళకి వెనక కంచె వైపు చూశాడు. గొయ్యి దగ్గర కొందరు నిలబడి ఉన్నారు. రేషను డిపో ముందు, తమ పేరు పిలిస్తే వెళ్దామని ఆగినవాళ్ళలా, మాటాపలుకూ లేకుండా ఓపిగ్గా ఉన్నారు. "టైమైందండీ, రావాలి," అని ఈల ఊదాడు. ఎవరూ కదల్లేదు. తిట్టుకుంటూ దగ్గరికి వెళ్ళాడు. మనుషుల్లేరు. తను పారేయించిన ఎండుమొక్కలే. కానీ పారేసినప్పుడు అవి గోతిలో అడ్డదిడ్డంగా పడ్డాయి. ఇప్పుడు గోతి అంచున, కంచెకి చేరగిలబడి, వరసగా నిలబడి ఉన్నాయి. వరసలో ఎక్కడా సందు లేదు.

ఆ పూట ఇంటికెళ్ళి కంచం ముందు కూచున్నాడు. మింగలేక కక్కలేక, చివరికి మేరీకి అంతా చెప్పేశాడు.

"పీకించిందెవరు?" అంది మేరీ.

"నేనే."

"అబద్ధం చెప్పిందెవరు?"

"నేనే మేరీ."

"మరి నాకు చెప్తారేంటండీ?"

"దెయ్యాల్ని నేను నమ్మను," అన్నాడు దేవదానం, ఎవరో అడిగినట్టు.

"నేనూ నమ్మను. సుబ్బాయమ్మగార్ని నమ్ముతాను. వెళ్ళి ఆవిడికి చెప్పండి."

మర్నాడు సుబ్బాయమ్మ రాగానే గేటు పక్క అరుగు మీద కూచోబెట్టి చెప్పాడు. ఉప్పు సంగతీ, పీకించిన సంగతీ, రేకు మార్చి కట్టిన సంగతీ, ఏదీ దాచలేదు. ఈమెకి ఇక అబద్ధం చెప్పకూడదని లోలోపల ఒట్టుపెట్టుకున్నాడు. ఆమె కోప్పడుతుంది, పైవాళ్ళకి రాసిపెడుతుంది, ఉద్యోగం చివర ఇంత మచ్చ పడుతుంది అనుకున్నాడు. దానికి సిద్ధపడే వచ్చాడు.

ఆమె తన వేళ్ళకేసి చూసుకుంది. "పీకినప్పుడు దగ్గరెవరైనా ఉన్నారాండీ?" అంది.

"లేరమ్మా. ఎవరూ లేని వేళ చూసే..."

"ఆస్పత్రోళ్ళూ అంతేనండి. నేను మంచినీళ్ళ సీసాకని వెళ్ళొచ్చేలోపు తీసుకెళ్ళిపోయేరు. చూస్తే తట్టుకోలేవమ్మా అన్నారు. మీరూ నా మంచికే చేసేరు. అందరూ నా మంచికే చేసేరండి. నా పిల్లని మాత్రం ఒక్కళ్ళూ చూపించలేదు."

ఆమె గొంతులో కోపం లేదు. అదే దేవదానాన్ని చంపేసింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎందరో దొంగల్ని తలవంచుకుని నిలబడేలా చేశాడు. అలా నిలబడడం ఎలా ఉంటుందో ఆ సాయంత్రం తెలిసింది.

"ఎక్కడ పారేసేరండీ?" అంది.

గొయ్యి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఎండు పుల్లల్లో సంపెంగలు మూడున్నాయి. బెరడు చూశాడు, వేరు చూశాడు, ఏది ఎవరిదో అతనికి తెలియలేదు. సుబ్బాయమ్మ ఒకటే చూపు చూసి మధ్యదాన్ని పట్టుకుంది.

"ఇదిగోనండి. చెయ్యి చల్లగా ఉంది."

పగలంతా రోహిణి ఎండ కాసింది, కంచె తీగ ఇంకా చుర్రుమంటోంది. దేవదానం ఆ పుల్లని ముట్టుకున్నాడు. ఐసుపెట్టెలోంచి తీసినట్టుంది. చటుక్కున చెయ్యి లాక్కున్నాడు.

"నా పిల్లని సాగనంపుకుంటానండి," అంది సుబ్బాయమ్మ. "పాడె కట్టాలి. దింపుడుకళ్ళం దగ్గర దింపాలి. పిలవాలి. పలక్కపోతే లేదనుకుని ఇంటికెళ్ళి పడుకుంటాను. పిల్ల పోయినకాణ్ణించీ నిద్దరంటే ఏంటో నాకు తెలవదండి."

పలికితే ఏం చేస్తారమ్మా అని దేవదానం అడగలేదు.

"ఆ సంపెంగపిల్లకి మాత్రం నీళ్ళు ఆపకండి. దాని తప్పేముంది," అంది వెళుతూ వెళుతూ.

మిగతావాళ్ళకీ ఒక్కొక్కరినే పిలిచి చెప్పాడు. బుచ్చిరాజుగారు బూతులు తిడతాడనుకున్నాడు. ఆయన గోతి అంచునుంచి తన పొగడపుల్లని ఏరుకుని, తుండుగుడ్డతో మట్టి తుడిచి, "పద అమ్మా, ఇంటికెళ్దాం," అన్నాడు. అంతకన్నా చెంప పగలగొట్టినా బాగుండేదని దేవదానానికి అనిపించింది.

రెండ్రోజుల తర్వాత తెల్లవారుతుండగా పాడె కట్టారు. పచ్చివెదురు దేవదానమే కొట్టుకొచ్చాడు, కొబ్బరితాడుతో అతనే బిగించాడు. మనిషి పొడుగే గానీ జానెడు వెడల్పు పాడె. పాస్టరుగారు అడిగితే నేను మాట్లాడుకుంటానని మేరీ చెప్పి పంపింది. సుబ్బాయమ్మ అన్నకొడుకు నాగసతీష్ ఆటో పక్కన పెట్టి వచ్చాడు. మేనత్తకి మతి చలించిందని ఊరంతా అంటున్నారని అతనికి సిగ్గుగానే ఉంది, అయినా ముందువైపు భుజం ఇచ్చాడు. వెనకవైపు దేవదానం పట్టాడు. సుబ్బాయమ్మ పట్టుచీర ముక్కలో చుట్టిన పుల్లని పాడె మీద పడుకోబెట్టి, తల వైపు సర్ది, తనూ బయల్దేరింది.

"ఆడవాళ్ళు కాటిదాకా రాకూడదంటారమ్మా," అన్నాడు బుచ్చిరాజుగారు మెల్లగా.

"ఆ రోజు మగాళ్ళు కూడా రాలేదు కదండీ రాజుగారూ."

ఆయన వెనకే నడిచాడు. బాట మీద తిరుగుతున్నవాళ్ళు ఆగారు. చెవుల్లో పెట్టుకున్నవి తీశారు. ఎవరో ఒకరు బూట్లు విప్పారు, వాళ్ళని చూసి మిగతావాళ్ళూ విప్పారు. ఇంగువ సలహా అడిగిన ఆసామీ కూడా ఉత్తకాళ్ళతో, చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు. దేవదానం వాళ్ళని చూసి కళ్ళు దించుకున్నాడు.

కాలవ గట్టు ఎక్కారు. ఆ పూట గాలి పూర్తిగా పడిపోయింది. ఇటు తోటల్లో గానీ అటు తోటల్లో గానీ ఒక్క కొబ్బరాకు కదలడం లేదు. గోతిలో రెండు వేళ్ళతో ఎత్తిన పుల్ల అది. వంతెన దాటేసరికి భుజం లాగడం మొదలైంది. మలుపు కనబడేసరికి దేవదానం రెండో చెయ్యి కూడా ఆనించాడు. ముందు నడుస్తున్న నాగసతీష్ మెడ తిప్పి చూశాడు. చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"ఇందులో ఏం పెట్టేరండీ?" అన్నాడు.

"ఏమీ పెట్టలేదు బాబూ. నడు," అన్నాడు దేవదానం.

మలుపులో, దారి కాటికి చీలే చోట, పాడె దింపారు. దింపినప్పుడు నేల మీద బరువుగా చప్పుడైంది. నాగసతీష్ దూరంగా వెళ్ళి మొహం తుడుచుకుంటున్నాడు. బుచ్చిరాజుగారు, ఆయనతో నడిచొచ్చిన వెంకటదుర్గ గట్టు కింద ఆగిపోయారు. దేవదానం పాడె పక్కనే మోకాళ్ళ మీద కూలబడ్డాడు, లేచే ఓపిక లేక.

సుబ్బాయమ్మ ఒంగి పట్టుగుడ్డ కొంచెం తప్పించి నోరానించింది.

"తులసీ."

కాలవలో నీళ్ళు కూడా చప్పుడు చేయడం లేదు.

"అమ్మా తులసీ."

ఆమె రెండు చేతులూ నేలకి ఆన్చుకుంది. మూడోసారి పిలవడానికి చాలాసేపు పట్టింది. పిలిస్తే ఇక అయిపోతుందని ఆమెకి తెలుసు.

"లక్ష్మీతులసీ."

అప్పుడు, గుడ్డలోంచి, దేవదానం మోకాలికి జానెడు దూరంలోంచి, నిద్రలో ఉన్న పిల్లని లేపితే పలికినట్టు, "ఆయ్" అని వినబడింది.

దేవదానం నాగసతీష్ వైపు చూశాడు. అతను ఇంకా మొహం తుడుచుకుంటున్నాడు. గట్టు కింద ఉన్నవాళ్ళు తలలు వంచుకుని ఉన్నారు. సుబ్బాయమ్మ తలెత్తింది. ఆమె చెవుల్లో ఇన్నేళ్ళ ఏడుపు హోరు ఉంది కాబోలు, ఏమీ విననట్టే ఉంది ఆమె మొహం. కానీ తన చెవుల మీద తనకి నమ్మకం లేదు. దేవదానం కళ్ళలోకి సూటిగా చూసింది.

"మీరు దగ్గరున్నారు. మీకేమైనా వినబడిందాండీ?"

ఆ మొహంలో ఆశ ఉంటుందనుకున్నాడు దేవదానం. ఆశ లేదు, అంతా భయమే. అవునంటే, తులసి ఈ రోజు పలికిందంటే, ఆ రోజూ పలికేదే. పలికే పిల్లని పిలవకుండా మంటలో పెట్టినట్టే. ఆ తల్లి ఇక ఈ జన్మలో కన్ను మూయదు. కాదంటే ఇంటికెళ్ళి పడుకుంటుంది. ఈమెకి ఇక అబద్ధం చెప్పనని మూడు రోజుల కిందటే ఆ అరుగు మీద ఒట్టుపెట్టుకున్న మనిషి అతను.

"లేదమ్మా," అన్నాడు. "ఏమీ వినబడలేదు."

సుబ్బాయమ్మ గుండెల నిండా పీల్చిన ఊపిరి వదిలింది. "అంతేనండి. లేదు నా పిల్ల. లేదు," అని నేల మీద కూలబడి గొంతెత్తి ఏడ్చింది. ఆమె ఏడవడం ఊళ్ళో ఎవరూ అంతకుముందు చూడలేదు. వెంకటదుర్గ పరిగెత్తుకొచ్చి పట్టుకుంది. ఏడ్చి ఏడ్చి, కొంగుతో మొహం తుడుచుకుని, "ఎత్తండి బాబూ," అంది.

నాగసతీష్ ముందు పట్టాడు, దేవదానం వెనక పట్టాడు. కాటికి ఇంకా కొంచెం దూరం ఉంది.